తిరుగు టపా: కాలి వేలి నుంచి వెన్నుకు వెళ్లే కబుర్లు



శరీరంలో ఆజ్ఞలన్నీ పైనుంచి కిందికి వస్తాయని మనం చిన్నప్పుడు బడిలో చదువుకున్నాం. మెదడు చెబుతుంది, చెయ్యి చేస్తుంది. కణం సంగతి కూడా అంతే అనుకున్నాం. కణం నడుమ కేంద్రకం ఉంటుంది, అందులో జన్యువులు ఉంటాయి, అవి చెప్పినట్టు మిగతా భాగాలు పనిచేస్తాయి. ఈ మాట నిజమే కానీ సగం నిజం. కింద ఉన్నవాళ్లు పైవాళ్లకు జవాబు రాస్తూనే ఉంటారు. ఆ జవాబు అందకపోతే పైవాళ్ల పని కూడా నిలిచిపోతుంది. ఇలా ఎదురు దిశలో వెళ్లే సమాచారాన్ని శాస్త్రవేత్తలు రిట్రోగ్రేడ్ సిగ్నలింగ్ అంటారు. మనం ఈ వ్యాసంలో దానిని తిరుగు టపా అని పిలుచుకుందాం.

ఈ విషయం ఆరోగ్య పత్రికలో ఎందుకని మీరు అడగవచ్చు. షుగరు వ్యాధి ఉన్నవాళ్ల పాదాలు ఎందుకు మొద్దుబారతాయి, కుక్క కరిచిన గాయాన్ని వెంటనే సబ్బుతో ఎందుకు కడగాలి, మెట్‌ఫార్మిన్ మాత్ర ఎలా పనిచేస్తుంది, బి12 పరీక్ష ఎందుకు రాస్తారు అనే నాలుగు ప్రశ్నలకూ జవాబులో ఈ తిరుగు టపాకు వాటా ఉంది. కారణం తెలిస్తే జాగ్రత్త తీసుకోవడం సులువు అవుతుందని మా నమ్మకం.

కణం లోపలి ఉత్తరం

మన శరీరంలో దాదాపు ప్రతి కణంలోనూ మైటోకాండ్రియా అనే చిన్న చిన్న భాగాలు ఉంటాయి. మనం తిన్న అన్నం, రొట్టె చివరికి శక్తిగా మారేది ఎక్కువగా ఇక్కడే. గుండె కండరంలో, కాలి కండరాల్లో ఇవి ఒక్కో కణంలో వందలు, వేలు ఉంటాయి. వీటికి ఒక ప్రత్యేకత ఉంది. కేంద్రకంతో సంబంధం లేకుండా వీటికి సొంత డి.ఎన్.ఏ. ఉంది. అందులో 16,569 అక్షరాలు, 37 జన్యువులు ఉన్నాయి. ఇది మనకు తల్లి నుంచే వస్తుంది.

పోచారం, నారపల్లి వైపు నుంచి సికింద్రాబాదు బస్సు ఎక్కినవాళ్లు ఉప్పల్ దాటాక హబ్సిగూడ దగ్గర సి.సి.ఎం.బి. గేటు చూసే ఉంటారు. సెంటర్ ఫర్ సెల్యులర్ అండ్ మాలిక్యులర్ బయాలజీ అనే ఈ సంస్థ 1977లో మొదలైంది. పుష్పమిత్ర భార్గవ గారు దాని వ్యవస్థాపక డైరెక్టరు. తల్లి నుంచి వచ్చే ఈ మైటోకాండ్రియా డి.ఎన్.ఏ.ను చదివి అండమాన్ దీవుల ఆదివాసుల పూర్వ చరిత్రను గురించి 2005లో ప్రపంచానికి చెప్పింది అక్కడి శాస్త్రవేత్తలు తంగరాజ్ గారు, లాల్జీ సింగ్ గారు, వారి బృందం. మన బస్సు దారిలో ఉన్న సంస్థే ఈ రంగంలో పేరున్న చోటు అన్నమాట.

అయితే మైటోకాండ్రియాకు సొంత జన్యువులు ఉన్నా అవి ఏ మూలకూ చాలవు. వాటికి వెయ్యికి పైగా రకాల ప్రొటీన్లు కావాలి. సొంత డి.ఎన్.ఏ. వల్ల తయారయ్యేవి 13 మాత్రమే. మిగతావన్నీ కేంద్రకం ఇచ్చిన ఆజ్ఞతో తయారై లోపలికి రావాలి. మరి ఎన్ని కావాలో, ఎప్పుడు కావాలో కేంద్రకానికి ఎలా తెలుస్తుంది? మైటోకాండ్రియా చెబితేనే తెలుస్తుంది.

ఈ సంగతిని మొదట చూపించింది 1987లో అమెరికాలోని డల్లాస్‌లో రోనాల్డ్ బ్యూటో ప్రయోగశాల. వాళ్లు పరీక్షించింది మనిషిని కాదు, రొట్టె పిండిని పొంగించే ఈస్ట్‌ను. మైటోకాండ్రియా పాడైన ఈస్ట్‌లో కేంద్రకం తన పద్ధతి మార్చుకుని వేరే జన్యువులను పనిలోకి దింపడం వారు గమనించారు. తరువాత పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో మన దేశం నుంచి వెళ్లిన నారాయణ్ అవధాని గారి బృందం 1999లో కండర కణాల్లో కూడా ఇదే జరుగుతుందని చూపింది. మైటోకాండ్రియా దెబ్బతిన్నప్పుడు కణంలో కాల్షియం పెరిగింది. ఆ కాల్షియమే ఉత్తరంగా పనిచేసి కేంద్రకంలో కొన్ని జన్యువులను మేల్కొల్పింది. 2001లో అదే బృందం ఇంకో సంగతి చెప్పింది. ఈ అలజడి ఎక్కువ కాలం సాగితే ఆ కణాలకు క్యాన్సర్ కణాల్లా పక్కవాటిలోకి చొచ్చుకుపోయే గుణం వస్తోందట. మైటోకాండ్రియా మొర కేంద్రకం వినడం మంచిదే. మొర ఆగకుండా సాగడం మంచిది కాదు.

భీమవరం మనిషి, ఏ.టి.పి. నాణెం

కాల్షియం ఒక్కటే ఉత్తరం కాదు. ఇంకోటి కణంలోని శక్తి నాణెం. దాని పేరు ఏ.టి.పి. ఈ నాణేన్ని కండరంలో కనుగొన్నవారిలో మన తెలుగువారు ఉన్నారని ఎంతమందికి తెలుసు? యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. మద్రాసు వైద్య కళాశాలలో చదివి 1922లో అమెరికాలోని బోస్టన్ చేరారు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కే గారితో కలిసి 1929లో ఏ.టి.పి.ని గుర్తించారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా దానిని కనుగొన్నారు.

కణం పనిచేసినప్పుడు ఏ.టి.పి. ఖర్చవుతుంది, ఏ.ఎం.పి. అనే చిల్లర మిగులుతుంది. చిల్లర పెరిగిందంటే ఖజానా ఖాళీ అవుతోందని అర్థం. కణంలో దీనిని కనిపెట్టే ఒక కాపలాదారు ప్రొటీన్ ఉంది, దాని పేరు ఏ.ఎం.పి.కె. చిల్లర పెరగగానే అది రక్తంలోని చక్కెరను కండరంలోకి పిలుస్తుంది, కొవ్వును కరిగించమంటుంది, కొత్త మైటోకాండ్రియా తయారు చేయమని కేంద్రకానికి కబురు పంపుతుంది.

మనం నడిచినప్పుడు జరిగేది ఇదే. రోజూ అరగంట చురుకుగా నడిచే మనిషి కాలి కండరాల్లో కొన్ని వారాలకే మైటోకాండ్రియా సంఖ్య పెరుగుతుంది. డాక్టరు నడవమని చెప్పినప్పుడు అది మాత్ర రాయడానికి బద్ధకించి చెప్పిన మాట కాదు.

షుగరు మాత్రల్లో ఎక్కువగా వాడే మెట్‌ఫార్మిన్ కూడా కొంతవరకు ఈ దారినే వాడుకుంటుంది. అది మైటోకాండ్రియా వేగాన్ని కొద్దిగా తగ్గిస్తుంది. ఖజానా తగ్గుతోందన్న కబురు పుడుతుంది. దానితో కాలేయం చక్కెర తయారీని తగ్గిస్తుంది. మెట్‌ఫార్మిన్‌కు వేరే దారులు కూడా ఉన్నాయి. కానీ ఇది ముఖ్యమైన వాటిలో ఒకటి.

మీటరు పొడవున్న కణం

ఇక నాడుల సంగతికి వద్దాం. చాలా కణాలు కంటికి కనిపించనంత చిన్నవి. కానీ మీ కాలి బొటనవేలి స్పర్శను మోసే నాడీ కణం చూడండి. దాని ప్రధాన భాగం, అంటే కేంద్రకం ఉన్న చోటు, నడుము దగ్గర వెన్నెముక పక్కన ఉంటుంది. దాని తీగ మాత్రం తొడ, మోకాలు, పిక్క దాటి బొటనవేలి దాకా సాగుతుంది. ఎత్తున్న మనిషిలో అది దాదాపు ఒక మీటరు. ఒకే కణం ఒక మీటరు!

ముల్లు గుచ్చుకున్నప్పుడు నొప్పి కబురు ఈ తీగలో కరెంటులాగా వెళుతుంది. రెప్పపాటులో చేరుతుంది. మేము చెప్పే తిరుగు టపా అది కాదు. అదే తీగ లోపల సరుకులు మోసే రోడ్డు కూడా ఉంది. నడుము నుంచి కాలికి సరుకు తెచ్చే కూలీ ఒక రకం ప్రొటీన్. దాని పేరు కైనెసిన్. కాలి నుంచి నడుముకు మోసే కూలీ ఇంకో రకం. దాని పేరు డైనీన్. తిరుగు దారిలో సరుకు రోజుకు సుమారు 10 నుంచి 20 సెంటీమీటర్లు నడుస్తుంది. అంటే కాలి వేలి దగ్గర బయలుదేరిన మూట నడుము చేరడానికి వారం అటూ ఇటూ పడుతుంది.

ఆ మూటలో ఏముంటుంది? ముఖ్యమైనది నాడీ పెరుగుదల కారకం, ఆంగ్లంలో నెర్వ్ గ్రోత్ ఫ్యాక్టర్ అనే ప్రొటీన్. చర్మం, కండరం లాంటివి ఇలాంటి ప్రొటీన్లను తయారు చేసి నాడి కొసకు అందిస్తాయి. నాడి కొస దానిని పట్టుకుని మూట కట్టి పైకి పంపుతుంది. మూట అందిన కణానికి అర్థమయ్యేది ఒక్కటే: నా తీగ చేరవలసిన చోటికి చేరింది, అక్కడ నా అవసరం ఉంది. అప్పుడు అది బతుకుతుంది, తీగకు కావలసిన సరుకులు తయారు చేస్తుంది. ముఖ్యంగా గర్భంలో శిశువు నాడులు పెరిగే కాలంలో మూట అందని కణం తనంతట తానే చనిపోతుంది.

దీనిని కనుగొన్న కథ కూడా చెప్పుకోదగినది. రీటా లెవి మొంటాల్చీని గారు ఇటలీలోని ట్యూరిన్ నగరంలో 1909లో పుట్టిన యూదు వైద్యురాలు. 1938లో ముస్సోలినీ ప్రభుత్వం యూదుల మీద చట్టాలు తెచ్చి విశ్వవిద్యాలయం తలుపులు మూసింది. ఆమె తన పడకగదిలోనే ప్రయోగశాల పెట్టుకుని, కోడిగుడ్లలోని పిండాల మీద నాడుల పెరుగుదలను పరిశీలించారు. యుద్ధం ముగిశాక అమెరికా వెళ్లి 1950ల మొదట్లో ఈ కారకాన్ని గుర్తించారు. 1986లో స్టాన్లీ కోహెన్ గారితో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నారు. 103 ఏళ్లు బతికి 2012లో కన్నుమూశారు.

వినేవాడు చెప్పేవాడికి ఇచ్చే సైగ

ఒక నాడీ కణం నుంచి ఇంకో నాడీ కణానికి కబురు వెళ్లే చోట సన్నని సందు ఉంటుంది. ఒకటి రసాయనం విడుస్తుంది, రెండోది అందుకుంటుంది. చాలాకాలం ఇది ఒకవైపు దారి అనుకున్నారు. 2001లో వేర్వేరు బృందాలు ఒకేసారి ఒక సంగతి బయటపెట్టాయి. అందుకునే కణం కూడా కొన్ని రసాయనాలు తయారు చేసి వెనక్కి విడుస్తుంది. అవి చెప్పేవాడిని గొంతు తగ్గించమంటాయి. ప్రార్థన కూడికలో మైకు శబ్దం ఎక్కువైతే వెనక కూర్చున్నవాళ్లు చేత్తో సైగ చేస్తారు కదా, అలాంటిదే.

ఈ కుటుంబంలో మొదట దొరికిన రసాయనానికి 1992లో శాస్త్రవేత్తలు ఆనందమైడ్ అని పేరు పెట్టారు. మన సంస్కృతంలోని ఆనందం అనే మాట నుంచే తీసుకున్నారు. గంజాయిలోని మత్తు పదార్థం ఇదే తలుపును బలవంతంగా తెరుస్తుంది. ఎప్పుడు, ఎక్కడ, ఎంత అనే కొలతతో మెదడు ఇచ్చుకునే సైగను గంజాయి మెదడంతా ఒకేసారి ఇచ్చేస్తుంది. కాలేజీ వయసులో మెదడు ఇంకా తయారవుతూనే ఉంటుంది. ఆ వయసు పిల్లల జ్ఞాపకశక్తి, చదువు, మనసు మీద దెబ్బ ఎక్కువ పడడానికి ఇది ఒక కారణం. ఇంట్లో యువతీయువకులు ఉన్నవాళ్లు ఈ ఒక్క పేరా వాళ్లకు చదివి వినిపించండి.

అదే దారిలో వచ్చే దొంగలు

దారి ఉన్న చోట దొంగ కూడా ఉంటాడు. కుక్క కరిచినప్పుడు వచ్చే రేబిస్ వైరస్ రక్తంలో ఈదుకుంటూ మెదడుకు పోదు. గాయం దగ్గర కండరంలో కొంతకాలం ఆగి, నాడి కొసలోకి దూరి, డైనీన్ కూలీ భుజం ఎక్కి తిరుగు దారిలో వెన్నుకు, అక్కడి నుంచి మెదడుకు చేరుతుంది. 2014లో ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు ఎలుకల నాడీ కణాల్లో దీనిని కంటితో చూశారు. నాడీ పెరుగుదల కారకాన్ని అందుకునే తలుపుల్లో ఒకదానినే వైరస్ పట్టుకుంటోంది. ఆ కారకం కంటే వేగంగా కూడా ప్రయాణిస్తోంది.

ఈ ప్రయాణానికి పట్టే సమయమే మనకు దొరికే అవకాశం. సాధారణంగా లక్షణాలు కనిపించడానికి రెండు మూడు నెలలు పడుతుంది. ఒక్కోసారి వారంలోనే, ఒక్కోసారి ఏడాది తరువాత కూడా రావచ్చు. ముఖం, మెడ, చేతుల మీద కాటు మరింత ప్రమాదం. మెదడుకు దారి దగ్గర కావడం, అక్కడ నాడులు ఎక్కువగా ఉండడం దీనికి కారణాలు. నీళ్లంటే భయం లాంటి లక్షణాలు మొదలయ్యాక బతికించడం దాదాపు అసాధ్యం. నల్లకుంట ఫీవర్ ఆసుపత్రికి అలాంటి దశలో రోగిని తీసుకెళ్లిన కుటుంబాల దుఃఖం మాటల్లో చెప్పలేం. దొంగ రోడ్డు ఎక్కకముందే పట్టుకోవాలి.

అందుకే కరిచిన వెంటనే, ఇంట్లోనే, కుళాయి కింద గాయాన్ని సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. సబ్బు వైరస్ పైపొరను పాడు చేస్తుంది. నీటి ధార దానిని కడిగేస్తుంది. కారం, పసుపు, సున్నం, నూనె, ఆకు పసరు పెట్టకూడదు. అవి గాయాన్ని రేపి వైరస్‌ను ఇంకా లోపలికి పంపవచ్చు. తరువాత ఆసుపత్రికి రావాలి. చర్మం చీరి రక్తం వచ్చినా, పుండు మీద కుక్క నాకినా టీకాతో పాటు గాయంలోనే ఇమ్యునోగ్లోబ్యులిన్ మందు వేయాలి. టీకా వల్ల ఒంట్లో రక్షణ తయారు కావడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. అంతవరకు గాయం దగ్గర కాపలా ఉండేది ఆ మందే.

బొడ్డు చుట్టూ 14 ఇంజక్షన్లు అనే భయం ఇంకా కొందరు పెద్దవాళ్లలో ఉంది. అది గొర్రె మెదడుతో చేసిన పాత టీకా. మన దేశంలో 2004 చివరికి దాని తయారీ ఆగిపోయింది. ఇప్పటి టీకా చేతికి వేస్తారు. కండరానికి వేసే పద్ధతిలో కరిచిన రోజు, 3, 7, 14, 28వ రోజుల్లో అయిదు మోతాదులు. చర్మంలో వేసే పద్ధతిలో కరిచిన రోజు, 3, 7, 28వ రోజుల్లో నాలుగు సార్లు. నడుమ మానేయకూడదు.

ధనుర్వాతం కూడా ఇదే దారి దొంగ. ఇందులో క్రిమి గాయంలోనే ఉండిపోతుంది. దాని విషం మాత్రం నాడిలో పైకి ప్రయాణిస్తుంది. వెన్నుపాములో ఒక కణం నుంచి వెనకున్న ఇంకో కణంలోకి దూకి, కండరాలను శాంతపరిచే కబుర్లను ఆపేస్తుంది. దవడలు బిగుసుకుపోతాయి, ఒళ్లు విల్లులా వంగుతుంది. ఒకప్పుడు పురిట్లో బొడ్డుకు పేడ, బూడిద పూయడం వల్ల ఎందరో పసిబిడ్డలు ఇలా పోయారు. గర్భిణులకు టీకాలు, శుభ్రమైన కాన్పుల వల్ల 2015లో మన దేశం తల్లీబిడ్డల ధనుర్వాతాన్ని అదుపు చేసిన దేశంగా గుర్తింపు పొందింది. పెద్దవాళ్లు మాత్రం పదేళ్లకోసారి టి.డి. టీకా వేయించుకోవడం మరచిపోతున్నారు.

షుగరులో ఆగిపోయే టపా

2023లో వెలువడిన ఐ.సి.ఎం.ఆర్. సర్వే ప్రకారం మన దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగరు వ్యాధితో ఉన్నారు. ఏళ్ల తరబడి చక్కెర అదుపులో లేకపోతే మూడు చోట్ల టపా దెబ్బతింటుంది. నాడికి రక్తం అందించే సన్నని నాళాలు మూసుకుపోతాయి. నాడి లోపలి మైటోకాండ్రియా అలసిపోయి కూలీలకు కూలి, అంటే ఏ.టి.పి., ఇవ్వలేవు. నాడీ పెరుగుదల కారకం తయారీ, దాని రవాణా తగ్గుతాయని జంతువుల్లో చేసిన పరిశోధనలు చూపాయి.

అన్నింటికంటే పొడవైన తీగకు అన్నింటికంటే ముందు కష్టం వస్తుంది. అందుకే మొద్దుబారడం ముందు కాలి వేళ్లలో మొదలవుతుంది. తరువాత మేజోడు తొడిగినట్టు పైకి పాకుతుంది. మోకాలి దాకా వచ్చేసరికి చేతి వేళ్లలో మొదలవుతుంది. కొందరికి మంటలు, సూదులు గుచ్చినట్టు ఉంటుంది. చాలామందికి ఏమీ ఉండదు. భయపడవలసింది ఈ రెండోవాళ్ల గురించే.

కట్టు కట్టే గదిలో మేము తరచు వినే మాట ఇది.

"పెద్దాయనా, ఈ పుండు ఎన్ని రోజులైంది?"

"ఏమో సిస్టరమ్మా, నాకేం నొప్పి లేదు. మొన్న మా కోడలు చూసి చెప్పిందాక తెల్వనే తెల్వదు."

నొప్పి లేదు కాబట్టి పుండు చిన్నదని ఆయన అనుకుంటాడు. నొప్పి లేదు కాబట్టే పుండు అంత దూరం వచ్చిందని మేము ఆయనకు చెప్పాలి.

ఆ కారకాన్నే ఇంజక్షన్‌గా ఇస్తే సరిపోదా అని అడిగేవాళ్లున్నారు. మంచి ప్రశ్న. శాస్త్రవేత్తలు ప్రయత్నించారు. షుగరు వల్ల నాడులు దెబ్బతిన్న వెయ్యి మందికి పైగా రోగుల మీద జరిగిన పెద్ద పరిశోధన ఫలితం 2000లో వచ్చింది. ఆశించిన మేలు కనిపించలేదు. చర్మం తన అవసరాన్ని బట్టి, తగిన చోట, తగినంత ఇచ్చే మూటకూ మనం సూదితో ఇచ్చే మందుకూ తేడా ఉంది. కాబట్టి నాడులను తిరిగి మొలిపించే మందు అంటూ ఎవరైనా వేల రూపాయలు అడిగితే ముందు మీ డాక్టరును అడగండి.

కుష్ఠు ఆసుపత్రులు నేర్పిన పాఠం

నొప్పి తెలియని పాదాన్ని ఎలా కాపాడాలో ప్రపంచానికి నేర్పినవాటిలో మన మిషన్ ఆసుపత్రులు ముందున్నాయి. నిజామాబాదు దగ్గర డిచ్‌పల్లిలో మెథడిస్టు మిషనరీ డాక్టర్ ఇసబెల్ కెర్ గారు 1915లో కుష్ఠు రోగుల కోసం ఆసుపత్రి ప్రారంభించారు. వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలకు 1946లో వచ్చిన డాక్టర్ పాల్ బ్రాండ్ గారు కుష్ఠు రోగుల వేళ్లు, పాదాలు ఎందుకు అరిగిపోతున్నాయో పరిశీలించారు. మాంసం తనంతట తాను కుళ్లి రాలడం లేదు. స్పర్శ పోయినందువల్ల కాలినా, గుచ్చుకున్నా, చెప్పు కరిచినా తెలియక, ఆ దెబ్బ మీదే మళ్లీ నడవడం వల్ల పోతున్నాయి. ఆ అవగాహనతోనే మెత్తని ఎం.సి.ఆర్. రబ్బరు చెప్పులు వాడుకలోకి వచ్చాయి. ఇవాళ షుగరు రోగులకు మేము రాసే చెప్పులు అవే.

పౌలు భక్తుడు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 12వ అధ్యాయంలో సంఘాన్ని శరీరంతో పోల్చాడు. ఏ అవయవమూ ఇంకోదాని అవసరం లేదనలేదని, బలహీనంగా కనిపించేవే ఎక్కువ అవసరమని ఆ అధ్యాయం చెబుతుంది. షుగరు క్లినిక్‌లో కూర్చున్నప్పుడు ఆ మాట మాకు అక్షరాలా కనిపిస్తుంది. ముఖానికి అద్దం చూసుకుంటాం, పాదాన్ని మరచిపోతాం.

బి12 సంగతి

మొద్దుబారిన ప్రతి పాదానికీ షుగరే కారణం కాదు. విటమిన్ బి12 తక్కువైనా అలాగే ఉంటుంది. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవాళ్లలో, గ్యాస్ మాత్రలు రోజూ మింగేవాళ్లలో, మాంసం, గుడ్లు, పాలు తక్కువ తీసుకునేవాళ్లలో, పెద్ద వయసువాళ్లలో బి12 తగ్గుతుంది. దీనికి చికిత్స సులువు, మాత్ర లేదా ఇంజక్షన్. కానీ ఆలస్యమైతే నాడికి జరిగిన నష్టం పూర్తిగా తిరిగి రాదు.

ఇక్కడ ఒక హెచ్చరిక. సుబ్బారావు గారు తరువాత లెడర్లీ సంస్థలో పనిచేసినప్పుడు 1945లో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను తయారు చేసింది. రక్తహీనతకు, గర్భిణులకు అది వరం. అయితే బి12 లోపం ఉన్న మనిషి ఫోలిక్ యాసిడ్ ఒక్కటే మింగితే రక్తం బాగుపడినట్టు కనిపిస్తుంది, నాడులు మాత్రం లోపల పాడవుతూనే ఉంటాయి. కాబట్టి నీరసంగా ఉందని దుకాణంలో అడిగి మాత్రలు తెచ్చుకోకండి. పరీక్ష చేయించుకోండి. మెట్‌ఫార్మిన్ మాత్రం మీ అంతట మీరు ఆపవద్దు.

ఇంట్లో చేయవలసినవి

1. రోజూ రాత్రి పడుకునే ముందు రెండు పాదాలు, అరికాళ్లు, వేళ్ల సందులు చూసుకోండి. వంగలేనివాళ్లు నేల మీద అద్దం పెట్టుకోండి, లేదా ఇంట్లోవాళ్లను చూడమనండి.

2. ఇంట్లో కూడా చెప్పులు వేసుకోండి. మందిరం బయట చెప్పులు విడిచే చోట ఎండాకాలంలో బండలు కాలిపోతుంటాయి. స్పర్శ లేని పాదానికి ఆ వేడి తెలియదు, సాయంత్రానికి బొబ్బ తెలుస్తుంది. మెత్తని మేజోళ్లు తొడుక్కుని రండి. సంఘ పెద్దలు ఆ దారిలో పట్టా పరిపిస్తే ఇంకా మేలు.

3. కొత్త చెప్పులు సాయంత్రం పూట కొనండి. అప్పటికి పాదం కాస్త వాచి అసలు కొలత తెలుస్తుంది. తొడిగే ముందు లోపల రాయి, మేకు ఉందేమో చేత్తో తడిమి చూడండి.

4. వేడినీళ్ల కాపడం, హీటరు, నిప్పుల కుంపటి దగ్గర పాదాలు పెట్టడం వద్దు. నీళ్ల వేడిని మోచేత్తో చూడండి.

5. ఆనెలను బ్లేడుతో కోయకండి. కార్న్ క్యాపులు అంటించకండి.

6. ఏడాదికోసారి పాదాల పరీక్ష చేయించుకోండి. సన్నని నైలాన్ పోగుతో, ట్యూనింగ్ ఫోర్కుతో చేసే ఈ పరీక్షకు నొప్పి ఉండదు, అయిదు నిమిషాలు చాలు. స్పర్శ తగ్గినవాళ్లు డాక్టరు చెప్పిన ప్రకారం ఇంకా తరచుగా రావాలి.

7. బీడీ, సిగరెట్, గుట్కా మానండి. అవి కాలికి వెళ్లే రక్తాన్ని ఇంకా తగ్గిస్తాయి.

పాఠకుల సందేహాలు

కుక్క పిల్ల ఊరికే గీరింది, రక్తం రాలేదు. టీకా అవసరమా?
అవసరమే. సబ్బుతో కడిగి అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. రక్తం రాని గీరుకు టీకా సరిపోతుంది. పిల్ల కుక్కకైనా, పెంపుడు కుక్కకైనా ఇదే నియమం. కుక్క బతికి ఉందా అని పది రోజులు చూసి తరువాత వద్దామనుకోకండి. టీకా మొదలుపెట్టి, కుక్కను గమనించండి.

పాదాలు మొద్దుబారాయి. నడవవచ్చా?
పుండు లేకపోతే సరైన చెప్పులతో నడవవచ్చు, నడవాలి. నడిచి వచ్చాక పాదం చూసుకోండి. పుండు ఉంటే మానేదాకా ఆ పాదం మీద బరువు వేయకండి. కుర్చీలో కూర్చుని చేసే వ్యాయామాలు మా ఫిజియోథెరపీ విభాగం నేర్పుతుంది.

పోయిన స్పర్శ మళ్లీ వస్తుందా?
బి12 లోపం వల్ల అయితే, త్వరగా గుర్తిస్తే చాలావరకు వస్తుంది. షుగరు వల్ల అయితే పూర్తిగా రావడం కష్టం. చక్కెర, రక్తపోటు అదుపులో పెడితే ఉన్న స్పర్శ నిలుస్తుంది, మంటలు తగ్గడానికి మందులున్నాయి. స్పర్శ రాకపోయినా పాదాన్ని మాత్రం కాపాడుకోవచ్చు.

షుగరు పరీక్షకు వచ్చే రోజున చెప్పులు, మేజోళ్లు విప్పి పాదాలు చూపించడానికి మొహమాటపడకండి. డాక్టరు మరచిపోతే మీరే గుర్తు చేయండి. మీ ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే ఈ రాత్రే వాళ్ల పాదాలు ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. దేవుడు మీకూ మీ కుటుంబాలకూ మంచి ఆరోగ్యం అనుగ్రహించును గాక.